ఎక్కే చోటు

బుకింగ్ పేజీలో నాలుగు గళ్లు.
పేరు, విమానం, ఎంతమంది, ఎక్కే చోటు.
కాటేజీ అరుగు మీద కూర్చుని
ఇసక కాళ్లతోనే మూడూ నింపేశాను.
నాలుగోదే ఎంతకీ నిలవదు.
వేలితో లాగి ఒడ్డున పెడతాను,
సూది జారి మళ్లీ కెరటాల్లోకే పోతుంది.
కాటేజీ పేరు కొడితే
ఒడ్డుకి రెండొందల గజాల లోపల,
నీలం మధ్యన ఎర్రగా నిలబడుతుంది.

‘షేరింగ్’ పక్కన చవక ధర ఉంది.
‘ప్రైవేటు’ నొక్కాను, తొమ్మిదొందలు ఎక్కువ.
ఆ డబ్బు దేనికో నాకు తెలుసు.
ఏం చేస్తుంటారు, ఎంతమంది పిల్లలు అని
మధురపూడి దాకా ఎవరూ అడక్కుండా ఉండటానికి.

సాయంత్రం ఫోన్.
“తిరుమాని సత్తిపండునండి, రేపు మీ బండి నాదేనండి.
అంతర్వేది పల్లిపాలెం కదండీ?”
“మ్యాపు సముద్రంలో చూపిస్తోంది” అన్నాను.
“ఆయ్, అదీ నిజమేనండి. పాత కాటేజీ అక్కడే ఉండేది.
రోడ్డు, రెండు సరుగుడు తోటలు, మా వలల షెడ్డు,
అన్నీ అక్కడే ఉన్నాయండి, కిందన.
మీరు లైటుహౌసు వైపు మొహం పెట్టి నిలబడండి, నేనొస్తాను.”
ఆగి అడిగాడు, “ఎంతమందండీ?”
“ఒక్కదాన్నే.”
అవతల కాసేపు గాలి చప్పుడు.
“సరేనండి.”

మూడున్నరకి, చీకట్లో, తెలియని బండి.
అక్కకి నంబరు పంపాను.
కారం స్ప్రే సంచి పైజేబులోకి మార్చాను.
పళ్లు తోముకున్నంత అలవాటు ఇదంతా.

దీపాలు వచ్చాయి.
ముందు సీట్లో ఒక ముసలామె, ఒళ్లో గంప.
“ప్రైవేటు కదా ఇది?”
నా గొంతులో కటువు నాకే వినబడింది.
“ప్రైవేటేనండి. మా మేనత్తండి, పేరంటాలు.
రావులపాలెం సంతకండి, అంతే.”
గంప ఖాళీగా ఉంది.
ఎండు మెత్తళ్ల వాసన మాత్రం నిండుగా ఉంది.
అడక్కుండానే ఏసీ ఆపి అద్దాలు దింపాడు.

మలికిపురం దాకా రొయ్యల చెరువులు,
నిద్రపోని చక్రాలు చీకటిని చిలుకుతూ.
గన్నవరం దగ్గర, నది మీదుగా కాలువ పోయే చోట,
ఆమె కునుకులోనే చెయ్యెత్తి దణ్ణం పెట్టింది.
తర్వాత వెనక్కి తిరక్కుండా అడిగింది:
“సముద్రం బావుందా అమ్మాయ్?”
“బావుంది.”
“మాకైతే దగ్గరికొచ్చేస్తంది.”
ఇంకేమీ అడగలేదు.

రావులపాలెంలో అరటిగెలల లారీలు,
పచ్చి వాసన, టార్చిలైట్లు, అరుపులు.
బండి ఆగలేదు.
ఆమె దిగుతానని అనలేదు.
“సంత?” అన్నాను.
“సంత ఆదివారం గదమ్మా.
వీడే లేపుకొచ్చాడు. ఆడకూతురు ఒక్కతీ,
చీకటి, భయపడతది, పదత్తా అని.
గంపెందుకురా అంటే
ఊరికే వస్తే బాగోదన్నాడు.”

సత్తిపండు అద్దంలోకి చూడలేదు.
ముందు ఏ బండీ లేకపోయినా హారన్ కొట్టాడు.
నేను సంచి పైజేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను,
ఏదో దాస్తున్న దానిలా.

జొన్నాడ వంతెన మీద తెల్లారింది.
టీకొట్టు దగ్గర నేను పర్సు వెతుక్కునేలోగా
ముప్పై రూపాయలూ ఆమే కొంగు విప్పి ఇచ్చేసింది.
విమానాశ్రయం గాజు తలుపులకేసి చాలాసేపు చూసి
“ఇంతేనా! బస్టాండే” అంది.
లోపలికి రానివ్వరని తెలిసి
గంప నెత్తిన పెట్టుకుని, ఖాళీదే,
నీడకి జరిగి నిలబడింది.

తనిఖీలో ట్రే నిండా నా చెప్పుల ఇసక రాలింది.
కారం స్ప్రే తీసేసుకున్నారు. అడగలేదు నేను కూడా.

రసీదు వచ్చింది.
రకం: ప్రైవేటు.
ప్రయాణికులు: ఒకరు.
ఎక్కిన చోటుకి పేరు లేదు, అంకెలే.
నొక్కాను.
నీలం. మధ్యలో ఎర్ర సూది,
ఆ రోడ్డు మీద, ఆ సరుగుళ్ల కింద, ఆ వలల పక్కన.
ఈసారి ఒడ్డుకి లాగలేదు.